గురజాలలో కత్తెర పడిన యుకాతా

పల్నాడు నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. కాలేజీలో ఎదురైన వాళ్ళంతా జపాన్ ఉత్సవం ఎలా జరిగిందని అడుగుతున్నారు. బాగా జరిగిందని చెప్పి తప్పించుకుంటున్నాను. మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అటువైపు ఎప్పుడూ వెళ్ళని మా వాళ్ళ కోసం మొదటినుంచీ రాస్తున్నాను.

మాది విజయనగరం పక్కన చిన్న ఊరు. విశాఖపట్నంలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతూ, సాయంత్రాలు ఫుమికో గారి దగ్గర జపనీస్ నేర్చుకుంటున్నాను. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. జపాన్‌లో స్కూలు టీచరుగా పనిచేసి రిటైరయ్యాక విశాఖ వచ్చి, ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. తెలుగు అర్థమవుతుంది కానీ, మాట్లాడేది మాత్రం పది పదిహేను మాటలే. వాటిలో "పర్వాలేదు" అన్నది ఎక్కువగా వాడతారు.

నరసరావుపేటలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ వాళ్ళు జపనీస్ క్లాసు మొదలుపెట్టి, పిల్లలకు ఉత్సాహం రావాలని ఒకరోజు జపాన్ ఉత్సవం చేయాలనుకున్నారు. ఫుమికో గారిని పిలిచారు. ఆవిడకు తోడుగా, మాటకు సాయంగా నన్ను తీసుకెళ్ళారు. అప్పటిదాకా నేను గుంటూరు దాటి వెళ్ళింది లేదు.

మాచర్ల బస్సు

గుంటూరులో రైలు దిగి, నరసరావుపేట మీదుగా మాచర్ల వెళ్ళే బస్సెక్కాం. మా సామాను రెండు పెట్టెలు, ఒక సంచి. పెట్టెల్లో రంగు కాగితాలు, కుంచెలు, సిరా సీసాలు, పిల్లలకు కట్టడానికి ఐదు యుకాతాలు ఉన్నాయి. యుకాతా అంటే జపాన్ వాళ్ళు ఎండాకాలం కట్టుకునే నూలు అంగీ. పాదాల దాకా ఉంటుంది, ముందు తెరిచి ఉంటుంది, నడుముకు వెడల్పాటి పట్టీ బిగిస్తారు.

ఆరో యుకాతా సంచిలో ఉంది. ముదురు నీలం మీద తెల్ల గంటపూలు. ఫుమికో గారు కాలేజీలో చేరిన ఏడు వాళ్ళమ్మ చేత్తో కుట్టి ఇచ్చినది. ఆ తల్లి ఇప్పుడు లేరు. సిరా సీసాలున్న పెట్టెలో దాన్ని పెట్టడానికి ఆవిడకు మనసు రాలేదు. "నువ్వు ఒళ్ళో పెట్టుకో" అని నాకిచ్చారు. ఇంట్లో ఉన్న ఎర్రటి బట్టల షాపు సంచిలో పెట్టి తెచ్చాను. ఊరూరా బ్రాంచీలున్న షాపు సంచి అది.

మా సీట్లోనే కిటికీ పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు నాగేంద్రమ్మ. గురజాల. బస్సు ఊరు దాటకముందే మొదలుపెట్టింది.

"ఏమ్మాయ్, ఈమె ఏ ఊరామె?"

"జపాన్, పెద్దమ్మా."

"జపానా. చానా దూరమేగా. ఒక్కతే వచ్చిందా? పిల్లలేంది, లేరా?"

మా వైపు కొత్త మనిషిని ఈ మాట అడగాలంటే కనీసం రెండు స్టేషన్లు దాటాలి. నేను మొహమాటపడుతూ జపనీస్‌లో చెప్పాను. ఫుమికో గారు నవ్వి, పిల్లలు లేరు, పెళ్ళి చేసుకోలేదు అన్నారు. నాగేంద్రమ్మ ఒక క్షణం ఆలోచించి, "అదీ మంచిదేలే" అని, ఒళ్ళోని పొట్లం విప్పి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఇద్దరికీ చెరో గుప్పెడు పోసింది.

ఫుమికో గారు ఒక్కో కాయా ఒలిచి తిని, పొట్టు తన చేతిరుమాలులో దాచుకుంటున్నారు. "బయటకి పారేయమను అమ్మాయ్, రోడ్డేమన్నా నిండుద్దా?" అంది నాగేంద్రమ్మ. కాసేపు చూసింది. తర్వాత తను కూడా పొట్టు కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆమె మనవరాలికి ఓణీల ఫంక్షనట. కూతురి అత్తగారి ఊళ్ళో. మేనమామ పెట్టాల్సిన బట్టలు కొనడానికి కొడుక్కి తీరిక లేక తనే గుంటూరు వచ్చింది. వియ్యపురాలి నోరు మంచిది కాదని, బట్టల్లో లోపం కనిపిస్తే పదేళ్ళపాటు చెప్పుకుంటుందని చెప్పింది. "మీరిద్దరూ కూడా రండి, ఏముంది" అని నా చేతిలో ఫంక్షను కార్డు ఒకటి పెట్టి, దాని మీద తన ఫోన్ నంబరు రాసుకోమంది. ఆమె కాళ్ళ దగ్గర కూడా ఎర్ర సంచి ఉంది. అదే షాపు. నేను చూశాను. చూసి కూడా, నరసరావుపేట వచ్చిందని కండక్టరు తొందరపెడుతుంటే పెట్టెలు దించే హడావిడిలో నా సంచి కింద పెట్టి, మళ్ళీ చేతికి అందిన సంచి తీసుకుని దిగిపోయాను.

పేటలో సంచి విప్పితే

అక్కడివాళ్ళు నరసరావుపేట అనరు, పేట అంటారు. కాలేజీ హాస్టల్లో మాకు ఒక గది ఇచ్చారు. మాకు సాయంగా ఉండమని అనూష అనే రెండో సంవత్సరం అమ్మాయిని పెట్టారు. గలగలా మాట్లాడే పిల్ల. సాయంత్రం మమ్మల్ని బజారుకు తీసుకెళ్ళి మిరపకాయ బజ్జీలు తినిపించింది. ప్లేటు ముప్పై రూపాయలు. మా ఊళ్ళో బజ్జీలో మిరపకాయ పేరుకే ఉంటుంది. ఇక్కడ మిరపకాయ చుట్టూ పేరుకు పిండి ఉంది. ఫుమికో గారు ఒకటి పూర్తిగా తిని, కళ్ళు తుడుచుకుని, "పర్వాలేదు" అన్నారు.

తిరిగొచ్చాక ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు, యుకాతా మడత నలిగిందేమో చూద్దామని సంచి తెరిచాను. లోపల ఆకుపచ్చ పట్టు లంగా, నారింజ రంగు ఓణీ, జాకెట్టు.

ఇది నాగేంద్రమ్మ సంచి. కార్డు మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. ఇంకోసారి, ఇంకోసారి. ఫుమికో గారు వచ్చేసరికి సంచి మంచం కిందకి నెట్టేశాను. ఆవిడ ఎల్లుండి కార్యక్రమం కాగితం ముందు పెట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి తను ఆ యుకాతా కట్టి చూపించాలని, అమ్మ గురించి రెండు మాటలు చెప్పాలని అన్నారు. నేను తలాడించాను.

తెల్లారి ఐదున్నరకు నాగేంద్రమ్మే ఫోన్ చేసింది. "ఎవరమ్మా, రాత్రి ఇన్నిసార్లు కొట్టారు? చార్జింగు లేక పడిపోయింది."

విషయం చెప్పాను.

"అంటే లంగా నీ దగ్గరుందా? మరి నేను మస్తాన్‌కి ఇచ్చిందేంది?"

ఆమె బస్సు దిగుతూనే, గురజాల బస్టాండు పక్కనున్న టైలరు మస్తాన్‌కి సంచి చూడకుండా ఇచ్చేసిందట. లంగా జానెడు తగ్గించు, జాకెట్టు పక్కలు పట్టు, పిల్ల కొలతలు నీ దగ్గరున్నాయిగా, రాత్రికే కుట్టి పెట్టు అని. "అదంతా తర్వాత చూద్దాం. పదింటికి ముహూర్తం. నువ్వు ముందు లంగా తీసుకుని రా తల్లీ, నీకు దణ్ణం పెడతా" అంది.

ఫుమికో గారు అప్పుడే లేచారు. అలంకరణకు వెదురు కర్రలు పొద్దున్నే వెళ్తేనే దొరుకుతాయట, తెస్తానని చెప్పాను. ఆవిడ నమ్మారు. జాగ్రత్త అని, నా సీసాలో నీళ్ళు నింపి ఇచ్చారు. హాలు అలంకరణ అనూషకు అప్పగించి బయల్దేరాను.

గురజాల దారి

పిడుగురాళ్ళ దాటాక రోడ్డుకు రెండువైపులా ఎర్రగా కల్లాలు. ఎండబోసిన మిర్చి. నేల మీద కనుచూపు మేర ఎర్ర దుప్పట్లు పరిచినట్టుంది. బస్సు అద్దాలు మూసినా ఘాటు లోపలికి వచ్చేసింది, నేను ఒక్కదాన్నే తుమ్మాను, మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతున్నారు. ఒక ఊరి మొదట్లో కోటప్పకొండ తిరనాళ్ళకు ప్రభ కడుతున్నారు. నాలుగంతస్తుల మేడంత ఎత్తున కర్రల చట్రం, దాని మీద ఎక్కి తాళ్ళు బిగిస్తున్న మనుషులు. జపాన్ ఊళ్ళలో కూడా పండగకి ఇలాగే ఎత్తయిన రథాలు కట్టి ఊరంతా కలిసి లాగుతారని ఫుమికో గారు ఎప్పుడో చెప్పారు. ఆవిడ పక్కన ఉండుంటే ఎంత సంతోషించేవారో. ఆవిడ్ని అబద్ధం చెప్పి వదిలేసి వచ్చాను కదా అని మళ్ళీ గుర్తొచ్చింది.

గురజాలలో బస్సు దిగేసరికి నాగేంద్రమ్మ కొడుకు బైక్ మీద ఎదురుచూస్తున్నాడు. టైలరు కొట్టు ఇంకా తెరవలేదు. అక్కడినుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి తీసుకెళ్ళాడు. షామియానా, కుర్చీలు, మైకు. నాగేంద్రమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. సంచి చూడగానే నా రెండు చేతులూ పట్టుకుంది. లోపలికి లాక్కెళ్ళి, గది తలుపు మూసి, మనవరాలికి లంగా కట్టి, పొడవు ఎక్కువైనచోట లోపలికి మడిచి పిన్నీసులు పెట్టింది. నేను పట్టుకుంటే ఆమె గుచ్చింది. పద్నాలుగు పిన్నీసులు.

"అమ్మమ్మా, నడిస్తే గుచ్చుకుంటయ్" అంది ఆ పిల్ల.

"నడవబాక. కూర్చునే ఉండు."

ముహూర్తానికి పిల్లని పీటల మీద కూర్చోబెట్టారు. వియ్యపురాలు వచ్చి అంచు పట్టుకుని చూసి, "బాగానే ఉంది" అంది. నాగేంద్రమ్మ నా వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను కూడా అక్షింతలు వేయమన్నారు. నేనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. "పేట నుంచి బట్టలు తెచ్చిన అమ్మాయి" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

భోజనం చేయకుండా కదలనివ్వలేదు. బూరె మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. గోంగూర, గుత్తి వంకాయ, నాటుకోడి. మా వైపు శుభకార్యాల్లో మాంసం పెట్టరు. ఇక్కడ పెట్టకపోతే చుట్టాలు అలుగుతారట. కారానికి నా చెవులు వేడెక్కాయి. వడ్డించే ఆయన మజ్జిగ తెచ్చి, "మాకు ఇది తక్కువ కారం, చుట్టాల కోసం తగ్గించాం" అన్నాడు.

మస్తాన్ గారి కొట్టు

మస్తాన్ గారికి అరవై ఉంటాయి. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, మెడలో టేపు. చిన్న కొట్టు, ఒక మిషను, ఒక బల్ల. నేను వెళ్ళేసరికి ఆ బల్ల మీద ఫుమికో గారి యుకాతా పరిచి ఇస్త్రీ చేస్తున్నారు.

ప్రాణం లేచొచ్చింది. "అది మాదే, మస్తాన్ గారూ. సంచులు మారిపోయాయి" అన్నాను.

"అట్టా చెప్పు. నేను రాత్రి నుంచీ ఇదే అనుకుంటున్నా. అక్కయ్య లంగా అంది, జాకెట్టంది. చూస్తే ఇది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఈ కాలపు పిల్లల ఫ్యాషనేమోలే అనుకున్నా." ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, అంగీ మడతపెడుతూ అన్నారు, "చెప్పినట్టే రాత్రే జానెడు తగ్గించా. హెమ్మింగు కూడా అయిపోయింది."

నేను ఆయన చేతిలోంచి తీసుకుని విప్పి, నా భుజానికి ఆనించి చూసుకున్నాను. ఆడవాళ్ళ యుకాతా ఎప్పుడూ పాదాలు దాటి జానెడు పొడవుంటుంది. ఆ ఎక్కువైన జానెడునే నడుము దగ్గర మడతగా దోపి, పైన పట్టీ కడతారు. ఆ మడత లేకపోతే ఆడవాళ్ళ కట్టు కుదరదు. ఇప్పుడు అంచు నా చీలమండ దగ్గర ఆగిపోయింది.

స్టూలు మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఆయన ఏమీ అర్థంకాక నీళ్ళ గ్లాసు ఇచ్చారు. అది ఎవరిదో, ఎవరు కుట్టారో, రేపు దేనికో చెప్పాను.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"చేతికుట్టు అని అప్పుడే చూశానమ్మా. మొత్తం చేతికుట్టే. ఇంత సన్నగా ఎవరు కుట్టారబ్బా అని లైటు కింద పెట్టి చూశా. కత్తెర పెట్టబోయి ఒకసారి ఆగా కూడా." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "ఆగినోణ్ణి ఆగినట్టే ఉంటే సరిపోయేది."

లేచి మిషను కింద ఉన్న ముక్కల సంచి తీసి నేల మీద కుమ్మరించారు. రంగురంగుల గుడ్డపీలికల్లోంచి నీలం పట్టీ బయటకు లాగారు. జానెడు వెడల్పు, పొడవుగా, గంటపూలతో. దులిపి, ఇస్త్రీ చేసి, చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నారు.

"మళ్ళీ కుట్టలేరా?" అన్నాను.

"కుట్టొచ్చు. కింద అంచులో కుడితే అతుకు కనపడుద్ది. చూసిన ప్రతివాడికీ కనపడుద్ది. ఆ అమ్మగారు ఏ ఊళ్ళో ఉన్నారు? పేటలోనా? రేపు నేనే వస్తా. తప్పు నా కత్తెరది, నేనొచ్చి చెప్పుకోవాలి."

తప్పు నాదని చెప్పాను. మీకు శ్రమ వద్దన్నాను. ఆయన విన్నట్టు లేరు. కాలేజీ పేరు కాగితం మీద రాయించుకుని, ఆ కాగితం కూడా అదే జేబులో పెట్టుకున్నారు. నిజంగా వస్తారని నేననుకోలేదు. పని చేసుకునే మనిషి, కొట్టు మూసుకుని రెండు గంటలు బస్సులో వచ్చి, తెలియని దేశపు ఆవిడ ముందు నిలబడతాడా అనుకున్నాను.

వెదురు ఏది

సాయంత్రం నాలుగింటికి పేట చేరాను. ఫుమికో గారు హాలులో నేల మీద కూర్చుని, అమ్మాయిలతో కాగితం కొంగలు మడుస్తున్నారు. నన్ను చూసి, "వెదురు ఏది?" అన్నారు జపనీస్‌లో.

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆవిడ పొద్దున నింపి ఇచ్చిన సీసా నా చేతిలోనే ఉంది. ఆవిణ్ని గదిలోకి తీసుకెళ్ళి మొత్తం చెప్పేశాను. బస్సు, సంచి, లంగా, కత్తెర. చెప్పి, యుకాతా ఒళ్ళో పెట్టాను.

ఆవిడ దాన్ని విప్పి, అంచు మీద వేలితో రాస్తూ ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళారు. కుట్టు చూశారు. ముక్క ఉందా అని అడిగారు. టైలరు దగ్గర ఉందన్నాను. "బాగా కుట్టారు" అన్నారు. ఆ మాటకి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

"లావణ్యా," అన్నారు కాసేపటికి. "బట్ట తెగింది. దానికి నాకు బాధగా ఉంది. కోపం మాత్రం వెదురు గురించే. పొద్దున నువ్వు చెప్పుంటే నేను కూడా వచ్చేదాన్ని. ఇద్దరం వెతికేవాళ్ళం. నువ్వు ఒక్కదానివే రోజంతా భయపడ్డావు, నేను ఇక్కడ హాయిగా కొంగలు మడుచుకున్నాను."

క్షమించమని అడిగాను. రేపటికి కోపం తగ్గుతుంది, ఇప్పుడు మాత్రం ఉంది అన్నారు. తర్వాత లేచి, ఇంకా రెండు వందల కొంగలు మడవాలని గుర్తుచేశారు. ఆ సాయంత్రం మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని మడిచాం. నేను తప్పు మడత పెట్టినప్పుడల్లా చేయి చాపి సరిచేశారు.

ఉత్సవం

శనివారం తొమ్మిదింటికే హాలు నిండిపోయింది. కుంచెతో పేర్లు రాయించుకునే బల్ల దగ్గర బారులు తీరారు. నేను జపాన్ అక్షరాల్లో పేర్లు రాసిస్తుంటే, ఒక అమ్మాయి తన పేరుతోపాటు వాళ్ళ గేదె పేరు కూడా రాయించుకుంది. తినుబండారాల బల్ల అనూషది. జపాన్ వాళ్ళు అన్నం ముద్ద మధ్యలో పుల్లటి ఊరవేసిన పండు పెట్టి తింటారు. ఆ పండు మాకు దొరకలేదు. అనూష ఇంటినుంచి గోంగూర పచ్చడి తెచ్చి అందులో పెట్టేసింది. ఫుమికో గారు కొరికి చూసి, రెండోది అడిగారు.

పదింటికి గుమ్మం దగ్గర మస్తాన్ గారు కనిపించారు. తెల్ల లాల్చీ, కొత్త చెప్పులు, చేతిలో చిన్న రేకు డబ్బా. వెనకే నాగేంద్రమ్మ, స్టీలు క్యారియరుతో.

"బస్సు ఎక్కిన కాడ్నించీ తిడతానే ఉంది" అన్నారు మస్తాన్ గారు నాతో, నెమ్మదిగా.

"తిట్టనా? చేతిలో పెడితే చూసుకోవద్దూ?" అంది నాగేంద్రమ్మ. మళ్ళీ తనే, "చూడకుండా ఇచ్చింది నేనేలే" అంది.

వాళ్ళిద్దర్నీ ఫుమికో గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మస్తాన్ గారు దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చినట్టున్నారు. తీరా ఆవిడ ఎదురుగా నిలబడేసరికి, జేబులోంచి నీలం పట్టీ తీసి రెండు చేతులతో చాపారు, అంతే. ఆవిడ కూడా రెండు చేతులతో అందుకుని, నడుము వంచి నమస్కరించారు.

తర్వాత జరిగింది చూడ్డానికి పిల్లలు కుంచెల బల్ల వదిలేసి వచ్చారు. ఫుమికో గారు యుకాతా వేసుకుని, నడుము దగ్గర మడత ఎక్కడ వస్తుందో, పట్టీ ఎక్కడ పడుతుందో చేత్తో చూపించారు. మస్తాన్ గారు వంగి చూసి, నేను చెప్పకముందే పట్టేశారు.

"అంటే కింద అతక్కూడదు. నడుం కాడ కోసి, ఈ ముక్క మధ్యలో పెట్టాలి. అప్పుడు రెండు అతుకులూ మడతలోకి పోతయ్. అంచు కింద ఉన్నట్టే ఉంటది. ఆమె చెప్పేది అదేగా?"

అదే. జపాన్‌లో పొట్టి అయిన బట్టను పొడవు చేయడానికి ఇలాగే చేస్తారట. వాళ్ళమ్మ కూడా చేసేదట. ఫుమికో గారు అంగీ తీసి బల్ల మీద పరిచి, చాక్ ముక్కతో గీత గీశారు. మస్తాన్ గారు రేకు డబ్బాలోంచి కత్తెర తీశారు. గీత మీద పెట్టారు. తీసేశారు.

"నా వల్ల కాదమ్మా. ఒకసారి తెలీక కోశా. తెలిసి ఎట్టా కొయ్యను? ఆమెనే కొయ్యమను."

నేను చెప్పాను. ఫుమికో గారు కత్తెర తీసుకున్నారు. ఆవిడ కూడా గీత మీద పెట్టి తీసేశారు. కత్తెర మళ్ళీ ఆయన చేతిలో పెట్టి, తన చెయ్యి దాని మీద వేసి, తెలుగులోనే అన్నారు, "పర్వాలేదు."

ఆయన పెదవులు కదిలాయి, బిస్మిల్లా అనుకున్నారు. ఒక్క ఊపులో, గీత తప్పకుండా కోశారు. నాగేంద్రమ్మ కళ్ళు మూసుకుంది.

ఇక కుట్టడం. మిషను వద్దని ఆయనే అన్నారు. ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని, చెరో చివర నుంచి చేతికుట్టు మొదలుపెట్టారు. ఫుమికో గారు సూదిని కదలకుండా పట్టుకుని బట్టను సూదిమీదికి ఎక్కిస్తున్నారు. మస్తాన్ గారు బట్టను కదలకుండా పట్టి సూదిని పోనిస్తున్నారు. కాసేపటికి ఆయన పని ఆపి ఆవిడ వేళ్ళు చూశారు, తనూ అలా ప్రయత్నించారు, రాక నవ్వారు. మొదట నేను మాట మాటకీ అనువదించాను. అరగంట తర్వాత నా అవసరం లేకపోయింది. దారం కావాలంటే ఆవిడ చెయ్యి చాపేవారు, ఆయన అందించేవారు. నాగేంద్రమ్మ పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి, చుట్టూ మూగిన పిల్లలకు క్యారియరులోని నిన్నటి ఫంక్షను లడ్లు పంచింది. మధ్యాహ్నం రెండింటికి రెండు చివరలూ కలిశాయి.

మూడింటికి ఫుమికో గారు వేదిక మీద ఆ యుకాతా కట్టుకున్నారు. మడత దోపి, పట్టీ బిగించారు. మస్తాన్ గారు మొదటి వరసలో కూర్చుని మెడ చాపి చూస్తున్నారు. ఆగలేక లేచి, "ఒక్కసారి తిరగమను" అన్నారు నాతో. ఆవిడ తిరిగారు. అతుకు ఎక్కడా కనపడలేదు. ఆయన కూర్చున్నారు.

అమ్మ గురించి రెండు మాటలు చెప్పాలనుకున్నారు కదా, చెప్పారు. అమ్మ కుట్టేటప్పుడు పాడుతుండేదని, ఇన్నేళ్ళుగా ఈ బట్టలో ఆమె కుట్టొక్కటే ఉందని, ఇవాళ్టినుంచి ఇంకొకరి కుట్టు కూడా కలిసిందని. "మస్తాన్ సెన్సే, ఒకసారి ఇలా రండి" అన్నారు. సెన్సే అంటే గురువుగారు. నేను తెలుగులో చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరినో పిలిచారేమో అని. అనూష చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది. పిల్లలు చప్పట్లు కొడుతుంటే, నలభై ఏళ్ళుగా కుడుతున్నానని, వేదిక ఎక్కడం ఇదే మొదలని మైకులో చెప్పి, ఇంకేమీ చెప్పలేక దిగిపోయారు.

బస్టాండు

ఐదున్నర బస్సుకు వాళ్ళిద్దర్నీ ఎక్కించడానికి వెళ్ళాం. ఫుమికో గారు యుకాతాలోనే వచ్చారు. బస్టాండంతా చూస్తోంది, ఆవిడ పట్టించుకోలేదు. వాళ్ళు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. ఫుమికో గారు కిటికీకి ఎదురుగా నిలబడి, చేతులు ముందు పెట్టుకుని, నడుము వంచి నమస్కరించి, అలాగే నిలబడ్డారు.

జపాన్‌లో ఒక పద్ధతుంది. మనకు మేలు చేసిన మనిషిని సాగనంపేటప్పుడు, వాళ్ళు కనుమరుగయ్యేదాకా కదలకూడదు. మధ్యమధ్యలో వంగుతూ ఉండాలి. కానీ బస్సు కదలడంలేదు. డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడు.

"ఏందమ్మాయ్, ఈమె ఎంతసేపు నిలబడుద్ది?" అంది నాగేంద్రమ్మ కిటికీలోంచి.

"బస్సు వెళ్ళిపోయేదాకా, పెద్దమ్మా. వాళ్ళ పద్ధతి."

"డ్రైవరే లేడుగా. పొమ్మను. కాళ్ళు నెప్పులు."

చెప్పాను. ఫుమికో గారు తల ఊపి, ఇంకోసారి వంగారు. మస్తాన్ గారు కిటికీ పక్కన ఇబ్బందిగా కదిలారు. ఒక చేయి ఎత్తి సలాం పెట్టారు. ఆవిడ వంగారు. ఆయన మళ్ళీ సలాం పెట్టారు. ఐదు నిమిషాలు ఇలా గడిచింది. చివరికి ఆయన లేచి, రేకు డబ్బా సీట్లో పెట్టి, "నేను దిగుతున్నా. పెద్దమనిషి నిలబడితే నేనెట్టా కూర్చోను?" అన్నారు.

"నీ సీటు పోద్ది" అంది నాగేంద్రమ్మ.

"పోనీ అక్కా."

ఆయన దిగి వచ్చి, ఆవిడకు ఎదురుగా రెండు గజాల దూరంలో నిలబడ్డారు. ఏం చేయాలో తెలియక చేతులు కట్టుకున్నారు, మళ్ళీ విప్పారు. ఆవిడ వంగితే తనూ కొంచెం వంగారు. బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. నేను పక్కన నిలబడ్డాను, అనువదించడానికి ఎవరూ ఏమీ అనలేదు. నాగేంద్రమ్మ తన సీటు మీద చేతిరుమాలు వేసి, ఆయన సీటు మీద క్యారియరు పెట్టి, తనూ దిగి వచ్చి నా పక్కన నిలబడింది.

కాసేపటికి డ్రైవరు వచ్చాడు. ఎక్కబోతూ వీళ్ళని చూశాడు. ఏమనుకున్నాడో, హారను కొట్టలేదు. తలుపు రాడ్డు పట్టుకుని, వాళ్ళది అయ్యేదాకా ఆగాడు.